సరస్సు ఒడ్డున మాటల్లేని బేరం

"కండ్లు మూసుకో అన్నా. మూసుకొని ఈ బస్తాల చెయ్యి పెట్టు. పైపైన కాదు, మోచెయ్యి దాకా పోనీ. ఇప్పుడు చెప్పు, ఏం తెలుస్తుంది?"

మెత్తగా ఉందన్నాను. వెచ్చగా కూడా ఉందన్నాను. విఠల్ తల అడ్డంగా ఊపాడు. అది తన కూతురు మనస్విని కూడా చెప్తుందట. అడుక్కి పోయేకొద్దీ వేళ్ళకి ఇంకేమైనా తగులుతోందా అని అడిగాడు. తగిలింది. ఎండిన ఉల్లిపొర తునకల్లాంటివి, సన్నగా, గరుకుగా, బొచ్చు మొదళ్ళకి అంటుకుని ఉన్నాయి.

"అదీ. ఆ పొరలే నాకు నెల దినాల నుంచి తిండి సయించనిస్తలేవు."

రోటోరువా ఊరి చివర వాళ్ళ ఇంటి గరాజ్‌లో కూర్చున్నాం. విఠల్ కుడికాలికి మోకాలి దాకా కట్టు. ఆ కాలు బోర్లించిన బకెట్ మీద పెట్టుకున్నాడు. పోయిన శనివారం ట్రక్కు వెనక నుంచి బస్తాతో సహా జారిపడ్డాడు. బస్తాకి ఏమీ కాలేదన్నయ్యా అని అతని భార్య రుచిత ఫోన్‌లో చెప్పింది. పరామర్శకి వచ్చినవాణ్ణి రాత్రి అక్కడే ఆగాను. పొద్దున కాఫీ తాగగానే గరాజ్‌లోకి పిలిచాడు. ఇక్కడ జూన్ అంటే నడి చలికాలం. షటర్ సగం ఎత్తి ఉంది. ఆ వెలుతురులో చుట్టూ తెల్ల బస్తాలు, ప్రతి బస్తాకీ ఓ చీటీ. ఈ ఒక్కదానికే చీటీ లేదు.

అతని పనేమిటో ముందు చెప్పాలి. ఇక్కడి అడవుల్లో పోసమ్ అనే జంతువు ఉంది. పిల్లికన్నా కొంచెం పెద్దది, గుబురు తోక, రాత్రిళ్ళు చెట్లెక్కి చిగుళ్ళు మేస్తుంది. బొచ్చు వ్యాపారం కోసమని నూటయాభై ఏళ్ళ కిందటే ఆస్ట్రేలియా నుంచి తెచ్చి వదిలారు. వ్యాపారం తగ్గింది, జంతువు మిగిలింది. పక్షి గుడ్లనీ, చెట్లనీ బతకనివ్వడం లేదని ఇప్పుడు ఊరూవాడా దాన్ని చంపమంటారు. అడవిలో ఉచ్చులు వేసి పట్టేవాళ్ళు దాని బొచ్చు పీకి బస్తాల్లో నింపుతారు. ఆ బస్తాల కోసం సరస్సుల చుట్టూ ఉన్న మట్టిరోడ్ల మీద నెలకోసారి తిరిగే మనిషి విఠల్. తెచ్చి, చేత్తో రకాలు విడదీసి, మిల్లుకి పంపుతాడు. అక్కడ మెరినో గొర్రె ఉన్నిలో కలిపి వడుకుతారు. ఆక్లండ్ దుకాణాల్లో చలికోట్లవుతాయి.

అతనిది నిర్మల్ దగ్గర ఓ పల్లె. గొర్రెలు కాసి, గొంగళ్ళు నేసే కురుమల ఇల్లు. చిన్నప్పుడు బాపమ్మ అతని కళ్ళకి కొంగు కట్టి, కత్తిరించిన ఉన్ని కుప్పల్లో చెయ్యి పెట్టించేదట. ఇది ఎండలో తిరిగిన గొర్రెదా, వానలో తడిసినదా, ఈనిన తర్వాతదా అని చెప్పించేది. తప్పు చెబితే చెవి మెలిపెట్టేది. రెండువేల తొమ్మిదిలో బిజినెస్ డిప్లొమా అని ఆక్లండ్ వచ్చాడు. అక్కడి శాండ్రింగ్‌హామ్ పేటలో ఒక్క ఫ్లాట్‌లో ఏడుగురు ఉన్నారు. చదువయ్యాక తె పుకే అనే ఊళ్ళో కివీ పళ్ళ ప్యాకింగ్ పని. అక్కడే ఓసారి పాల ప్యాకెట్ కోసం వీధి చివర కొట్టుకి వెళ్తే, బయట ఆగిన ట్రక్కులో నోరు తెరిచిన బస్తా కనబడింది. ఎవరిదో అడగకుండా చెయ్యి పెట్టేశాడు. ట్రక్కు తాలూకు ముసలాయన పరుగెత్తుకొచ్చి తిట్టాడు. విఠల్ చెయ్యి తీయకుండానే, అడుగున సగం తడిసి ఉంది, ఎవరో మోసం చేశారు అన్నాడట. ముసలాయన కూడా చెయ్యి పెట్టి చూశాడు. తర్వాత తిట్టడం ఆపాడు.

ఆ ముసలాయన పేరు బ్యారీ. అప్పటికి ముప్పై ఏళ్ళుగా ఈ సరస్సుల చుట్టూ బొచ్చు కొంటున్నాడు. రెండేళ్ళు విఠల్‌ని పక్కన కూర్చోబెట్టుకుని తిరిగి, రౌండ్ అతనికి అప్పజెప్పి, కవెరౌలో కూతురి దగ్గర సెటిల్ అయ్యాడు. అన్ని మజిలీలకీ అన్ని సంగతులూ చెప్పాడు. ఎవరి కుక్క కరుస్తుంది, ఎవరు టీ తాగందే వదలరు, ఎవరు బస్తాలో తోకలు కూడా కలిపేస్తారు. ఒక్క మజిలీ గురించి మాత్రం మూడే ముక్కలు. ఆగకు. పిలవకు. ఎదురు చూడకు.

ఆ మజిలీ ఓ సరస్సు చివర పాత పడవల షెడ్డు. రోడ్డు అక్కడితో ఆగిపోతుంది. షెడ్డు వెనక నుంచి కాలిబాట అడవిలోకి ఎక్కుతుంది. ఇరవై నిమిషాలు నడిస్తే ఓ చెక్కగుడిసె. అందులో టౌనో అనే మనిషి ఒంటరిగా ఉంటాడు. ఫోన్ లేదు, ఉన్నా అక్కడ అందదు. ప్రతి నెలా మూడో గురువారం షెడ్డు దూలానికి బొచ్చు బస్తా వేలాడుతుంది. దాని కింద బల్ల మీద ఖాళీవి వరసగా ఉంటాయి. ఖాళీ మైదా సంచి ఉంటే మైదా కావాలని. ఖాళీ సీసా ఉంటే వాసన చూడాలి. సోంపు వాసన వస్తే సోంపు, దాల్చినచెక్క వాసన వస్తే అది. చచ్చిన బ్యాటరీ ఉంటే కొత్త బ్యాటరీ. విఠల్ బస్తా దింపి, వచ్చే నెలకి ఖాళీవి ట్రక్కులో వేసుకుని, పోయిన నెల ఖాళీల బదులు తెచ్చిన నిండువి బల్ల మీద పెట్టి తిరిగి వచ్చేయాలి. టౌనో ఆ సరుకు తీసుకుపోతే బేరం కుదిరినట్టు. బల్ల మీదే వదిలేస్తే తక్కువైందని. అప్పుడు దానికి ఇంకొంచెం చేర్చాలి గాని, పెట్టింది వెనక్కి తీసుకోకూడదు. డబ్బు సంగతి బ్యారీ ఏనాడో బ్యాంకుతో కుదిర్చాడు. దానికీ మాటలు అక్కర్లేదు.

మైదా, సోంపు తిండికి కాదు. మైదాలో పంచదార పొడి, సోంపు పొడి కలిపి చెట్టు మొదట్లో తెల్లగా రాస్తారు. ఆ వాసనకి పోసమ్ వస్తుంది, కింద ఉచ్చు ఉంటుంది. బ్యారీ కాలంలో సూపర్‌మార్కెట్ సోంపు పెట్టేవారు. విఠల్ శాండ్రింగ్‌హామ్‌లో మనవాళ్ళ దుకాణం నుంచి పచ్చటి లేత సోంపు తెచ్చి పెట్టాడు. మరుసటి నెల ఒక సీసాకి బదులు మూడు ఖాళీ సీసాలు వరసగా ఉన్నాయట. ఆ సంగతి చెప్పేటప్పుడు విఠల్ ముఖంలో పరీక్ష పాసైన పిల్లాడి వెలుగు.

ఈ పద్ధతి టౌనో తండ్రి పెట్టింది. ఆయనది ఫిన్‌లాండ్. పందొమ్మిది వందల యాభైలలో కవెరౌలో కాగితం మిల్లు కట్టడానికి ఆ దేశం నుంచి కొందరు వచ్చారు. మిల్లు కట్టేసి చాలామంది వెళ్ళిపోయారు, కొందరు ఉండిపోయారు. టౌనో అప్పుడు ఆరేళ్ళవాడు. తండ్రి మిల్లు మానేసి ఈ సరస్సు దగ్గర ఉచ్చులు వేసుకుని బతికాడు, ఎందుకంటే ఈ నీళ్ళు చూస్తే తన ఊరు గుర్తొచ్చేదట. ఊరికి వచ్చినప్పుడు పబ్‌లో బ్యారీతో చెప్పేవాడు. వాళ్ళ ప్రాంతమంతా సరస్సులే, ఒకదానికొకటి తగులుకుని. ఎండాకాలం పడవలో, చలికాలం గడ్డకట్టిన నీళ్ళ మీద బండి లాగుతూ పోవడమే దారి. పూర్వం ఒక్కో ఊరికీ రోజుల తరబడి ప్రయాణం చేస్తే గాని రాని దూరంలో వేటభూమి ఉండేది. హద్దు తెలియడానికి చెట్టు బెరడు చెక్కి గుర్తులు పెట్టేవారు. ఉడుత తోళ్ళు నలభై ఒక కట్ట. ఆ కట్టలే పన్ను, ఆ కట్టలే చర్చికి ఇచ్చేది, తూర్పు నుంచి వచ్చే వర్తకుడు ఉప్పుకీ ఇనుముకీ తీసుకునేదీ అవే. ఇంకా ఉత్తరానికి పోతే, ఒకరి భాష ఒకరికి రాని చోట, తోళ్ళు ఓ రాతి మీద పెట్టి పక్కకి తప్పుకునేవారు. అవతలివాడు వచ్చి తన సరుకు పక్కన పెట్టి తనూ తప్పుకునేవాడు. ఇద్దరికీ నచ్చేదాకా అలా. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేది లేదు.

సగం బీరు, సగం నిజం అనేవాడట బ్యారీ. నాకు కుతూహలం ఆగక లైబ్రరీలో వెతికాను. నలభై తోళ్ళ కట్ట నిజం, చెట్ల గుర్తులు నిజం, నీళ్ళ దారులు నిజం. మాట్లాడకుండా బేరం చేసేవాళ్ళ గురించి ఆ కాలపు బాటసారులు రాసి పెట్టినవీ ఉన్నాయి. టౌనో తండ్రి రాసింది మాత్రం ఏమీ లేదు. షెడ్డులో బల్ల ఒక్కటే.

విఠల్‌కి ఈ పద్ధతి వింతనిపించలేదు. "మా దగ్గర అంగట్ల ఎడ్ల బేరం ఎట్ల చేస్తరు? తువ్వాల కింద చేతులు పెట్టి వేళ్ళు పడతరు. పక్కనోనికి తెల్వది. నోరు ఊకుంటది, వేళ్ళు మాట్లాడతయ్. గదే కదా ఇది, తువ్వాల ఒక్కటే కొంచెం పెద్దది."

ఇంత తెలిసిన మనిషే తప్పు చేశాడు. మూడేళ్ళ కిందట ఈ ఇల్లు కొని గృహప్రవేశం పెట్టుకున్నారు. ఎవరెవరిని పిలవాలని రుచిత లిస్టు రాస్తుంటే, విఠల్ టౌనో పేరు చెప్పాడు. షెడ్డులో కార్డు పెట్టి వస్తానన్నాడు. రుచిత ఒప్పుకోలేదు. నాలుగేళ్ళుగా ఆయన బస్తాలతో మన పొయ్యి వెలుగుతుంటే, కార్డు బల్ల మీద పడేసి వస్తావా, అది పిలుపా, పోస్టా అంది. మనింట్లో శుభకార్యానికి ఇంటికి వెళ్ళి నోటితో పిలవకపోతే పిలవనట్టే. విఠల్‌కీ అదే న్యాయమనిపించింది.

కొత్త చొక్కా వేసుకుని, రవ్వ లడ్డూల డబ్బా, కార్డు పట్టుకుని కాలిబాట ఎక్కాడు. గుడిసె ముందుకి వెళ్ళి మర్యాదగా అంకుల్, అంకుల్ అని పిలిచాడు. పలుకు లేదు. పక్కన చిన్న చెక్కగది పొగ గొట్టంలోంచి పొగ వస్తోంది. అక్కడికి పోయి ఇంకొంచెం గట్టిగా పిలిచాడు. తలుపు తెరుచుకుంది. ఆవిరి గుప్పుమని వచ్చింది. ఆవిరి స్నానం చేస్తూ ఎర్రగా కందిన పెద్ద మనిషి బయటికి వచ్చాడు, చేతిలో ఆకుల మండ తప్ప ఒంటి మీద నూలుపోగు లేదు.

"నేనేం చేసిన్నో తెలుసా అన్నా? రెండు చేతులతోని డబ్బా ముందలికి పట్టి, తల దించి, మీరు ఫ్యామిలీతోని తప్పక రావాలె అన్న. ఇంగ్లీష్ల. ఆయనకు ఫ్యామిలీ ఏడిది?"

టౌనో కాసేపు చూశాడు. లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. విఠల్ డబ్బా అక్కడే కట్టెలు కొట్టే మొద్దు మీద పెట్టి దిగి వచ్చేశాడు. గుడిసె వెనక రెండు తేనెపెట్టెలు ఉండటం అప్పుడే చూశాడు, ఇంకెప్పుడూ చూడలేదు.

మరుసటి నెల దూలానికి బస్తా లేదు. బల్ల మీద ఖాళీలు లేవు. అయినా విఠల్ మైదా, సోంపు పెట్టి వచ్చాడు. ఆ పై నెలకి అవి అలాగే ఉన్నాయి. బ్యారీకి ఫోన్ చేస్తే, ముప్పై ఏళ్ళలో నేనాయన గొంతు రెండుసార్లు విన్నాను, నువ్వు వెళ్ళి ఫ్యామిలీతో రమ్మన్నావా అని నవ్వి, నవ్వు ఆగాక, ఇక ఆ మజిలీ మర్చిపో అన్నాడు. విఠల్ మర్చిపోలేదు. పద్ధతి ప్రకారం ముందువి కదపకుండా వాటికే చేర్చుకుంటూ పోయాడు. ఐదు నెలలు. ఒక మైదా సంచి ఎలుకలు కొట్టేశాయి. చాపత్తా, అగ్గిపెట్టెలు, ఉప్పు, మేకులు పెట్టి చూశాడు. తను చేసింది తప్పని చెప్పుకోవడానికి ఆ బేరంలో గుర్తు ఏదీ లేదు, సరుకు పెంచడం తప్ప.

ఆరో నెల దూలానికి బస్తా వేలాడింది. బల్ల మీద సామాను మొత్తం పోయింది. దాని చోట ఒక్కటే ఉంది, లడ్డూలు తీసుకెళ్ళిన డబ్బా. కడిగి, తుడిచి, మూత పక్కన పెట్టి.

డబ్బా తిరిగిచ్చాడా, నింపమన్నాడా? ఇంటికి వచ్చి ఇద్దరూ రాత్రి భోజనం అయ్యేదాకా వాదించుకున్నారు. రుచిత, నేను లడ్డూలు కడతాను, తినకపోతే తిప్పి పంపినట్టు, తింటే నింపమన్నట్టు అని తేల్చింది. మరుసటి నెల డబ్బా ఖాళీగా, శుభ్రంగా వచ్చింది. ఆ తర్వాత నెలా అంతే. అప్పటినుంచి రెండున్నరేళ్ళుగా ప్రతి నెలా మూడో గురువారానికి ముందు రోజు సాయంత్రం ఆ ఇంట్లో రవ్వ వేగుతూనే ఉంది.

ఇక్కడిదాకా చెప్పి విఠల్ నా పక్కనున్న బస్తాలో తనూ చెయ్యి పెట్టాడు. పోయిన నెల టౌనో ఇచ్చింది అదేనని, మిల్లుకి పంపలేదని చెప్పాడు. మిల్లువాళ్ళు పొరలున్నది తీసుకోరు, అది ఒక కారణం. పంపబుద్ధి కాలేదు, అది రెండోది.

పోసమ్ బొచ్చు ప్రాణం పోయిన వెంటనే, ఒళ్ళు వేడిగా ఉన్నప్పుడే పీకాలి. అప్పుడైతే గుప్పెళ్ళుగా వస్తుంది, మొదళ్ళు శుభ్రంగా ఉంటాయి. చల్లబడితే తోలు బిగుస్తుంది. లాగితే బొచ్చుతో పాటు పొర ఊడివస్తుంది. చెయ్యి తిరిగినవాడు నాలుగైదు నిమిషాల్లో ఒకదాన్ని ముగిస్తాడు. టౌనో బస్తాలో ఆరేళ్ళపాటు ఒక్క పొర కనిపించలేదని విఠల్ చెప్పాడు. ఏడాది కిందట మొదటిసారి తగిలింది. అన్ని చోట్లా కాదు. వీపు బొచ్చు శుభ్రంగా ఉంది, నడుము దగ్గరది, చివర పీకేది, అందులో పొర. అంటే మొదలుపెట్టేటప్పటికి ఒళ్ళు వేడిగా ఉంది, ముగించేటప్పటికి చల్లబడింది. చేతులు నెమ్మదిస్తున్నాయి. ఈ చలికాలం వచ్చేసరికి వీపు బొచ్చులోనూ పొరలే.

"ఆయన వేళ్ళు ఎంత వంగుతున్నయో, ఎక్కడ ఆగి ఊపిరి తీసుకుంటున్నడో నాకు తెలుస్తనే ఉన్నది అన్నా. మొహం ఒక్కసారి చూసిన. గొంతు అసలే వినలే. కని ఆయన చేతులు నాకు నెలనెలా తెలుస్తయ్."

పోయిన నెల బస్తా సగమే ఉంది. బల్ల మీద చచ్చిన బ్యాటరీ తప్ప ఖాళీ మైదా సంచి గానీ, సోంపు సీసా గానీ లేదు. మైదా అక్కర్లేదంటే చెట్లకి పిండి రాయడం లేదు, అంటే ఉచ్చులు వేయడం మానుతున్నాడు. డబ్బా ఉంది. కడగలేదు. లోపల ఆరు లడ్డూలు అలాగే ఉన్నాయి.

బొచ్చు సంగతి విఠల్‌కి అర్థమైంది గాని, లడ్డూల సంగతి అర్థమైంది రుచితకి. ఆమె ముసలివాళ్ళ హోమ్‌లో తొమ్మిదేళ్ళుగా పని చేస్తోంది. తీపి వదిలేసే ముసలివాళ్ళు తర్వాత ఏమవుతారో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. వెంటనే నర్సుని తీసుకుని పైకి వెళ్దామంది. విఠల్ వద్దన్నాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో అదే గొడవ. నా ఎదురుగా కూడా జరిగింది, రాత్రి భోజనాల దగ్గర. మనస్వినికి పదకొండేళ్ళు. గొడవ తెలుగులో జరుగుతున్నంతసేపూ పళ్ళెంలోకి చూస్తూ వింది. చివర్న ఇంగ్లీషులో ఒక్కటే అడిగింది, ఆయన్ని ఎవరూ అడగరేం అని.

ఒకసారి తప్పు చేసి ఐదు నెలలు శిక్ష అనుభవించాను, రెండోసారి నర్సునీ యూనిఫారాన్నీ వెంటబెట్టుకుని పోతే ఆ మనిషి ఉన్న కాస్తా తలుపు కూడా మూసుకుంటాడని విఠల్ వాదన. ఆయన్ని దింపి తీసుకొచ్చి హోమ్‌లో కిటికీ పక్కన కూర్చోబెడతారు. అడవిలోంచి తెచ్చిన అలాంటివాళ్ళని రుచితే చూపించింది అతనికి.

"తెచ్చి కూర్చోబెడితే రెండు నెలలు బతుకుతడు" అన్నాడు.

"బొక్క విరిగి పడి ఉంటే రెండు దినాలు" అంది రుచిత. "నీకు ఆ బల్ల ముఖ్యమా, మనిషి ముఖ్యమా?"

"ఆ మనిషి ఉన్నదే ఆ బల్ల మీద రుచితా."

ఆమె గిన్నెలు తీసి సింకులో వేసింది. వెంటనే కడగలేదు, కొళాయి విప్పి నీళ్ళ కింద చేతులు పెట్టి నిలబడింది. ఆ తర్వాత ఇటు తిరిగి, ఈ ఆదివారం దాకా ఆగుతానంది. ఆదివారం ఆమెకి సెలవు. అప్పటికి ఆయన బాగున్నట్టు నమ్మకం కలగకపోతే తనే నర్సుని తీసుకుని వెళ్తుంది. విఠల్ కాలు అడ్డం పెట్టినా, కట్టు అడ్డం పెట్టినా ఆగదు.

ఈ రోజు మూడో గురువారం. విఠల్ డ్రైవ్ చేయలేడు. మిల్లువాళ్ళు ఇంకో మనిషిని పంపుతామన్నారు. వద్దన్నాడు, వాడు హారన్ కొడతాడని. రుచిత పోతానంది. ఆమె షెడ్డు దగ్గర ఆగే మనిషి కాదని ఇద్దరికీ తెలుసు. విఠల్ నన్ను రాత్రి ఆగమని అంత పట్టుబట్టింది ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది.

షెడ్డుకి తీసుకెళ్ళాల్సిన సామాను గరాజ్‌లో ఓ మూల సిద్ధంగా పెట్టి ఉంది. బ్యాటరీ, అడగకపోయినా సోంపు సీసాలు, చిన్న మైదా సంచి. లడ్డూలు లేవు. లడ్డూలు ఎందుకు లేవని అడిగాను.

"తినలేని మనిషికి మళ్ళీ పెడితే చిన్నబోతడు." మైదా సంచి మూతి బిగించి కట్టాడు. "నేను రాత్రంత ఒకటే ఆలోచించిన. ఇన్నేండ్లు ఖాళీవి పెట్టింది ఆయనే. నింపింది నేనే. ఎన్నడు నాకేమన్న కావాలె అని అడగలే. మనిషికి అన్నీ ఇచ్చుకుంట పోతే వాడు ఇంక పనికిరానోడయితడు కదా అన్నా. ముసలితనంల అదే పెద్ద రోగం."

చెయ్యి చాపి, పైన అరలోంచి స్టీలు డబ్బా తీసిమ్మన్నాడు. చిన్నది, పిల్లల టిఫిన్ డబ్బా. మీద మనస్విని పేరు చెక్కి ఉంది. మూత తీశాను. ఖాళీ. అడుగున మాత్రం ఓ చుక్క తేనె, ఎండి జిగటగా. వాసన వస్తోంది.

తేనె ఆయన దగ్గర ఉంటుందా అన్నాను. పెట్టెలు రెండూ చూశాడు కదా, ఇంట్లో సీసా ఉండే ఉంటుంది, గుడిసెలోంచి షెడ్డు దాకా నడవగలిగితే చాలు అన్నాడు. నడిచి దిగి వచ్చి, నింపి పెడితే, ఆయన ఉన్నాడని, ఇంకొన్నాళ్ళు ఉండాలనుకుంటున్నాడని. రుచిత దానికి ఒప్పుకుంది. మరి నింపకపోతే అన్నాను.

విఠల్ కర్ర అందుకుని లేచాడు. ఒంటికాలి మీద గెంతుతూ నా కారు దాకా వచ్చి, సామాను ఒక్కొక్కటీ తనే లోపల సర్దాడు. వంటింటి కిటికీలోంచి రుచిత చూస్తోంది, చెయ్యి ఊపలేదు, పిలవలేదు. నేను స్టార్ట్ చేశాక అతను అద్దం దించమని సైగ చేసి వంగాడు.

"తారు రోడ్డు అయిపోయినంక నలభై నిమిషాలు మట్టి రోడ్డు. మెల్లగ పో. షెడ్డుల పోంగనే ముందుగాల పోయిన నెల సామాను ఉన్నదా చూడు. ఉన్నదనుకో, ఇంక రూలు లేదు, ఏం లేదు, పైకి ఉరుకు, గొంతు చించుకొని పిలువు. లేదనుకో, అన్నీ పెట్టు, డబ్బా మూత తీసి పక్కన పెట్టు, చీటీ గీటీ రాయకు, ఎనకకు తిరిగి చూడకుండ వచ్చెయ్. ఆదివారం పొద్దున మళ్ల నువ్వే పోవాలె అన్నా. రుచిత లేవకముందుగాల. పోయి ఆ డబ్బా నాకు తెచ్చియ్యాలె."